పద్నాలుగు సప్లీలు, నాలుగు రొట్టెలు

మా మేనల్లుడు పద్నాలుగు సప్లీలతో మెకానికల్ ఇంజనీరింగ్ గట్టెక్కి, అమెరికాలో ఎం.ఎస్. సీటు తెచ్చుకున్నాడు. నెల్లూరులో ఈ కబురు విన్నవాళ్లలో సగం మంది "అదెట్టా?" అన్నారు. మిగతా సగం ఏమీ అనకుండా కన్సల్టెన్సీ ఫోన్ నంబరు అడిగారు. ఈ వ్యాసం ఆ రెండో సగం కోసం.

సప్లీ అంటే ఫెయిలవడమని లోకంలో ఒక అపోహ ఉంది. థర్మోడైనమిక్స్ ఒక్కసారికే పాసైనవాడు ఆ పుస్తకాన్ని ఒక్క రాత్రి చదివి ఉంటాడు, మర్నాడు మధ్యాహ్నానికి మర్చిపోయి ఉంటాడు. మావాడు ఐదుసార్లు చదివాడు. ఎంట్రోపీ, అంటే గందరగోళం, పెరుగుతూనే ఉంటుందన్న సూత్రాన్ని తన మార్కుల మెమోల్లోనే నిరూపించి చూపించాడు. ప్రతిసారీ ఫీజు కట్టి, ఒకసారి లేటు ఫీజు కూడా కట్టి మరీ రాసినవాడికి ఆ సబ్జెక్టు మీద ప్రేమ లేదంటే నేనొప్పుకోను.

కన్సల్టెన్సీ మాగుంట లేఅవుట్‌లో ఉంది. మా అక్క మెమోలన్నీ పెళ్లిచూపుల ఫొటోల్లా బల్ల మీద ఒక్కొక్కటే పరిచింది. అక్కడి కుర్రాడు కనురెప్ప కూడా వేయకుండా లెక్కపెట్టి, "ఇరవై లోపే గదమ్మా, ఇబ్బందేం లేదు" అన్నాడు. ఇంకో ఆరు అనవసరంగా వదులుకున్నామే అన్నట్టు మా అక్క కొడుకు వైపు చూసింది.

ఆ తర్వాత ఎస్.ఓ.పి. మొదలైంది. తన గురించి తాను చెప్పుకునే వ్యాసమన్నమాట. తొమ్మిదో ఏట వీడు కోవూరు దగ్గర మా పొలంలో బోరు మోటారు విప్పి పారేశాడు. అది మళ్లీ తిరగలేదు. ఆ పంటకు పక్క చేనివాళ్ల కాళ్లావేళ్లా పడి నీళ్లు పెట్టించుకున్నాం. వ్యాసంలో అదే "బాల్యం నుంచే సాగునీటి యంత్రాలపై ప్రయోగాలు" అయింది. ఇక మూడో ఏడు ఎనిమిది సబ్జెక్టులు ఎందుకు పోయాయో చెప్పాలి. నిజానికి క్రికెట్ వల్ల పోయాయి. వ్యాసంలో మాత్రం, ప్రాణంగా పెంచిన అవ్వ చనిపోయిన దుఃఖంలో పోయాయి. అవ్వ ఆ పక్కగదిలోనే సీరియల్ చూస్తోంది. దాచడం తప్పనుకున్నాడేమో, వెళ్లి చెప్పేశాడు: "అవ్వా, నువ్వు మూడో ఏడు రెండో సెమిస్టర్‌లో పోయావు."

"పోనీలే నాయనా, అప్పుడన్నా పాసయ్యావా?" అంది ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సిఫార్సు ఉత్తరాల కోసం కాలేజీకి వెళ్తే, మాస్టారు "నువ్వే బ్యాచ్ రా?" అని అడిగి, నువ్వే రాసుకురా, సంతకం పెడతానన్నారు. తన గురించి తాను మూడు ఉత్తరాలు, మూడు రకాల ఇంగ్లీషులో రాసుకోవడం మాటలు కాదు. మొహమాటపడుతూనే క్లాసులో మొదటి ఐదు శాతంలో ఉన్నానని రాసుకున్నాడు. అరవైమంది క్లాసులో ఐదు శాతమంటే ముగ్గురు. మిగతా ఇద్దరూ ఎవరన్నది ఆయన అడగలేదు.

అమెరికా ఎం.ఎస్. కోసం రాసే జీఆర్ఈ పరీక్ష సంగతి చూడండి. మన దగ్గర ఏమీ రాకపోతే సున్నా వేస్తారు. అక్కడ వెర్బల్‌కి (ఇంగ్లీషు), క్వాంట్‌కి (లెక్కలు) చెరి 130 నుంచి లెక్క మొదలవుతుంది. ఎంత అధోగతి పట్టినా 260 చేతికొస్తుంది. పైగా 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను రెండు గంటల లోపుకు కుదించారు. ఇక్కడ ఎం.టెక్. కోసం రాసే గేట్‌లో తప్పు టిక్కు పెడితే మార్కులో మూడో వంతు కోస్తారని తెలిసిన రోజే మావాడు దానికి దణ్ణం పెట్టాడు.

అమెరికా వద్దు, ఇక్కడే ఎం.బి.ఏ. చాలనుకునేవాళ్లకు ఐసెట్ ఉంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, నెగటివ్ మార్కుల్లేవు, జనరల్ వాళ్లకు అర్హత 25 శాతం. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. కళ్లు మూసుకుని పెట్టినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే 50 మార్కులు, సరిగ్గా అర్హత గీత మీదే. మా వీధి చివరి మేకకు డిగ్రీ లేదు గానీ, ఉంటే దాని అవకాశాలు సగానికి సగం.

ఒక్క చోట మాత్రం ఎవరూ దయ చూపలేదు. వీసాకు కావాల్సిన ఐ-20 అనే పత్రం యూనివర్సిటీ నుంచి రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు డబ్బుందని కాగితం పెట్టాలి. నాలుగుకి మూడు జీపీఏ అడిగే యూనివర్సిటీ రెండున్నరకు కూడా అవ్వను తలుచుకుని కరిగిపోయింది గానీ, బ్యాంకు నిల్వ దగ్గర కరగలేదు. అల్లూరు వైపు మా బావకున్న రెండు రొయ్యల గుంటలు ఇప్పుడు తాకట్టులో ఉన్నాయి. ఎస్.ఓ.పి.లో ఆయన ప్రస్తావన ఒక్క ముక్క లేదు.

ఇంత చేసినా మా అక్క లెక్క వేరే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది గదా. కోరిక ఉన్నవాళ్లు అదే కోరిక తీరినవాళ్ల దగ్గర ఆ కోరిక పేరున్న రొట్టె పట్టుకుంటారు, తమకు తీరాక తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. నాలుగేళ్లు వరసగా చదువు రొట్టె పట్టుకున్న మా అక్క, ఐదో ఏడు తెలివి తెచ్చుకుని విదేశీ రొట్టె పట్టుకుంది. ఈసారి మొక్కు తీర్చడానికి నాలుగు రొట్టెలు కాల్చుకుని వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

మోకాలి లోతు నీళ్లలో మా పక్కన ఒకావిడ నిలబడి ఉంది. కొడుకుకి గేట్‌లో మంచి ర్యాంకొచ్చి ఐఐటీలో ఎం.టెక్. సీటు వచ్చిందట. "బంగారంలాంటి పిల్లోడు, ఎట్టాగూ వచ్చేదే గదమ్మా" అని ఆమెను దాటుకుని ఒక తల్లి మా అక్క దగ్గరికొచ్చింది.

"మీవాడికి ఎన్ని మిగిలినాయి?"

"పద్నాలుగు."

"ఒక్కసారే పోయినాయా?"

"లేదమ్మా, విడతలవారీగా."

"మావాడికి పదహారు, నాకో ముక్కియ్యి తల్లీ" అని వెనకనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. పది నిమిషాల్లో మా అక్క రొట్టెలు నాలుగూ అయిపోయాయి. మేము గట్టెక్కి కొంగు పిండుకుంటుంటే, ఐఐటీ వాడి తల్లి ఇంకా నీళ్లలోనే ఉంది, రొట్టె తడవకుండా పైకెత్తి పట్టుకుని.