సవరణ: దిండు మోకాలి కింద కాదు

మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స తర్వాత ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి రాస్తూ, పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టుకోమన్నాను. అది తప్పు. అలా పెట్టుకుంటే హాయిగానే ఉంటుంది గాని, కాలు వంగిన స్థితిలోనే బిగుసుకుపోయి పూర్తిగా చాపలేని పరిస్థితి వస్తుంది. ఆ తర్వాత నడక కుంటుపడుతుంది. ఫిజియోథెరపిస్టులు సాధారణంగా చెప్పేది ఇది: చుట్టిన తువ్వాలును మడమ కింద ఉంచి, మోకాలి కింద ఖాళీగా వదలాలి. కాలు తన బరువుతోనే నిటారుగా సాగుతుంది. తొడ ముందు కండరాన్ని బిగించి, మోకాలిని పరుపు వైపు అదిమి 5 సెకన్లు ఉంచే వ్యాయామమూ ఇలాగే చేయవచ్చు. కాలు ఎంత వంగుతోందన్న దాని మీదే ఇంట్లో అందరి దృష్టీ ఉంటుంది. పూర్తిగా చాపగలగడమూ అంతే ముఖ్యం. దిండు వాడుతున్నవారు దయచేసి ఈరోజే తీసేయండి. మీ శస్త్రవైద్యులు ప్రత్యేకంగా వేరే సూచన ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.