వెళ్లే రోజు సంగతి ఎవరు రాస్తారు?

చెన్నై దగ్గర మరైమలైనగర్‌లో జీఎస్టీ రోడ్డు దిగి రెండు వీధులు లోపలికి వెళ్తే, నెల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ నడిపే మెస్ ఉంది. జీఎస్టీ అంటే ఇక్కడ పన్ను కాదు, గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు. పాత మద్రాసువాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడి ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు మీద షిఫ్టు నడిచిన రోజుల్లో ఆ మెస్‌లో పూటకు పాతిక కిలోల బియ్యం ఎసట్లో పడేవి. ఇప్పుడు ఏడు కిలోలతో సరి. అప్పటి పెద్ద డేగిసా అటక మీద బోర్లించి ఉంది, అమ్మడానికి మనసొప్పదట. ఖాతా పుస్తకం మాత్రం కిందనే ఉంది. అందులో తీరని బాకీలు, పేర్ల పక్కన ఊళ్లు: నాయుడుపేట, గూడూరు, సూళ్లూరుపేట, పుత్తూరు. ‘‘ఎగ్గొట్టే పిల్లోళ్లు కాదు నాయనా, పనిపోయి ఊళ్లకు పోయారు. మళ్లీ వస్తే కదా ఇచ్చేది’’ అంటారావిడ.

ఫోర్డ్ కంపెనీ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందన్నది వాళ్లు చెప్పిన లెక్క. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. కార్లు అమ్ముడుపోకపోతే ధర్మానికి ఫ్యాక్టరీ నడిపేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ నిర్ణయం జరిగింది అమెరికాలోని డియర్‌బోర్న్‌లో. దాన్ని అనుభవించింది చెంగల్పట్టు జిల్లాలో. మరైమలైనగర్ నుంచి చివరి కారు 2022 జులైలో బయటికొచ్చింది. గుజరాత్‌లోని సాణంద్ ఫ్యాక్టరీని టాటాలు కొనుక్కుని, అక్కడి అర్హులైన ఉద్యోగులకు పని ఇస్తామన్నారు. ఇక్కడి ఫ్యాక్టరీకి ఆ అదృష్టం పట్టలేదు. ఇక్కడి పర్మినెంటు కార్మికులు రెండున్నర వేల పైచిలుకు మంది సమ్మె చేసి, నెలల తరబడి బేరమాడి, ఒక సెటిల్‌మెంటు తెచ్చుకున్నారు. ఆ కార్ల కోసమే, విడిభాగాలు అందించే చిన్న వెండర్ల షెడ్లలో సీట్లు కుట్టినవాళ్లు, వైర్లు కట్టలు కట్టినవాళ్లు, ప్లాస్టిక్ పోతపోసినవాళ్లు ఆ బేరంలో లేనేలేరు. మెస్ ఖాతా పుస్తకంలో ఉన్న పేర్లు ఎక్కువగా వాళ్లవే.

అంతకుముందు ఏడేళ్ల కిందట శ్రీపెరంబుదూరులో ఇదే జరిగింది. నోకియా 2005లో తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 2006లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. ప్రత్యేక ఆర్థిక మండలి, ప్రభుత్వం సమకూర్చిన భూమి, పన్ను వాపసులు, అన్నీ అమరాయి. ఒక దశలో నేరుగా ఎనిమిది వేల మంది దాకా పనిచేశారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి కంపెనీ బస్సెక్కి వచ్చిన ఆడపిల్లలు. 2013లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మే ఒప్పందం చేసుకుంది. ఆదాయపు పన్ను వివాదంలో ఆస్తులు చిక్కుకోవడంతో చెన్నై ఫ్యాక్టరీ ఆ అమ్మకంలో చేరలేదు. నోకియా చేతిలోనే మిగిలిపోయిన ఆ ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆగాయి, 2014 నవంబరు 1న లైన్లు ఆగాయి. ఇందులో పన్నుల శాఖ పట్టుదల పాలెంత, కంపెనీ పాలెంత అన్నది వాదించుకోవచ్చు. ఆ పిల్లల పాలు మాత్రం ఏమీ లేదు. మూసివేతకు ముందు వేలమంది చేత వీఆర్ఎస్ కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. వీఆర్ఎస్ అంటే స్వచ్ఛంద పదవీ విరమణ. పాతికేళ్లు నిండీ నిండని పిల్లలు రిటైరయ్యారు.

ప్రపంచంతో వ్యాపారమే వద్దని మేము రాయబోవడం లేదు. చెన్నపట్నంలో కూర్చుని ఆ మాట అంటే నవ్వుతారు. 1639లో దామర్ల నాయకుల చేతి నుంచి తీరంలో కాస్త ఇసుక నేల తీసుకుని ఈస్టిండియా కుంఫిణీ వాళ్లు కోట కట్టుకున్నదే బట్టల ఎగుమతి కోసం. 1734లో కుంఫిణీ నేతగాళ్లకని ప్రత్యేకంగా కట్టిన పేటే చింతాద్రిపేట. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల ఊరు. దానికోసం తీసుకున్నది సుంకురామ అనే మన తెలుగు వర్తకుడి తోట. పెరంబూరు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో మగ్గాల ముందు నిలబడినవాళ్లలోనూ తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. దేశంలో మొదటి వ్యవస్థీకృత కార్మిక సంఘంగా చెప్పుకొనే మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్‌లో ఆ మిల్లుల గేటు బయటే పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు, దాన్ని నిలబెట్టినవాళ్లు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. అప్పటి యజమానులూ సముద్రం అవతలి వాళ్లే. తేడా ఒక్కటే, మిల్లును ఓడలో వేసుకుని పోవడం వాళ్లకు సాధ్యం కాలేదు. ఇప్పటి కంపెనీకి అది సాధ్యం. అక్కడ పనిచేసేవాడు మాత్రం ఇంటి అద్దె అడ్వాన్సు వదులుకుని ఊరికి బస్సెక్కగలడు, అంతే.

మన చట్టం ఏమీ చెప్పలేదా అంటే చెప్పింది. 2025 నవంబరు దాకా ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 25-ఓ సెక్షన్ ప్రకారం వందమంది, అంతకు పైన ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే 90 రోజుల ముందే ప్రభుత్వ అనుమతి అడగాల్సి ఉండేది. అనుమతి దొరికితే, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున పరిహారం. అమెరికాలో 1988 నాటి చట్టం 60 రోజుల నోటీసు చాలంటుంది. కాగితం మీద మనమే గట్టివాళ్లం. అయితే అందరి చేతా వీఆర్ఎస్ పెట్టిస్తే మూసివేత అన్న మాటే పైకి రాదు. ఇక కాంట్రాక్టు కుర్రాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. కంపెనీ చొక్కా వేసుకుంటాడు, కంపెనీ బస్సెక్కుతాడు, కంపెనీ క్యాంటీన్‌లో తింటాడు. జీతం చీటీ మీద మాత్రం ఎవరో కాంట్రాక్టరు పేరు ఉంటుంది. ఫ్యాక్టరీ మూస్తే అతణ్ని ఎవరూ తీసేయాల్సిన పని లేదు. మర్నాడు బస్సు రాదు, అంతే. పాత కార్మిక చట్టాల బదులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ వంద కాస్తా మూడు వందలైంది. చిన్న వెండర్ల ఫ్యాక్టరీలు చాలామటుకు ఈ గీతకు కిందే ఉంటాయి.

సంఘం పెట్టుకుని అడగవచ్చు కదా అనేవాళ్లు 2024 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి. శ్రీపెరంబుదూరు దగ్గర శామ్‌సంగ్ ఫ్యాక్టరీ కార్మికులు 37 రోజులు సమ్మె చేశారు. జీతాల మాట కూడా ఉంది కానీ, అసలు గొడవ సంఘాన్ని గుర్తించమనడం దగ్గరే. మరుసటి ఏడాది జనవరిలో గానీ సంఘం రిజిస్టరు కాలేదు. పెరంబూరు నుంచి శ్రీపెరంబుదూరుకు సుమారు నలభై కిలోమీటర్లు. 1918లో మొదలైన నడక నూటారేళ్లకు అంత దూరం వచ్చింది.

ప్రభుత్వాలు ఎందుకు గట్టిగా ఉండవు? పక్క రాష్ట్రం భయం. ఈ సంగతిలో మా పాఠకుల ఇబ్బంది మాకు తెలుసు. ఉండేది చెన్నైలో, సొంత ఊరు సరిహద్దుకు అవతల. తడ దాటగానే శ్రీసిటీ. చెన్నై మెట్రోలో మనం ఎక్కే రైలు పెట్టెల్లో చాలావాటిని చేసింది అక్కడే. ఒక ఫ్యాక్టరీ ఇటు కాకుండా అటు వెళ్తే మనకు లోపల్లోపల సంతోషం. 2025 ఆగస్టులో తూత్తుకుడికి వస్తామని తమిళనాడుతో సంతకం పెట్టిన ఒక దక్షిణ కొరియా చెప్పుల కంపెనీ నవంబరు నాటికి కుప్పం వైపు మళ్లితే, తెలుగునాట దాన్ని గెలుపుగా చెప్పుకున్నారు. మూడు నెలల్లో తూత్తుకుడిని వదిలిన కంపెనీ మూడేళ్లలో కుప్పాన్ని వదలదని ఏమిటి నమ్మకం? ఆ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

ఈ పోటీలో మొదట అరిగేది పని గంటలే. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనికి వీలిచ్చే బిల్లును ఆమోదించింది. కార్మిక సంఘాలు, అధికార పక్షం మిత్రులే లేచి నిలబడితే, మే డే నాడు ముఖ్యమంత్రి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది కర్ణాటక అలాంటి సవరణ చేసి నిలుపుకుంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకు తొమ్మిది గంటలను పది చేసింది. పెట్టుబడులు రావాలంటే తప్పదన్నారు. గంట పెరిగితే ఏమవుతుందని అధికారులు అడగవచ్చు. సూళ్లూరుపేట నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు కంపెనీ బస్సెక్కే అమ్మాయికి రానూపోనూ నాలుగు గంటలు దారిలోనే పోతాయి. పదికి నాలుగు కలిపితే పద్నాలుగు. వంట, బట్టలు, బిడ్డ, నిద్ర అన్నీ మిగిలిన పది గంటల్లోనే సర్దుకోవాలి.

అందుకే మేము అడిగేది ఒక్కటే. కంపెనీ వచ్చేటప్పుడు చేసుకునే ఒప్పందంలోనే వెళ్లే రోజు షరతులు కూడా రాయండి. భూమి ఎంత, కరెంటు ఎంతకు, స్టాంపు డ్యూటీ మాఫీ ఎంత అని పేజీలకు పేజీలు రాసే అధికారులకు ఇంకో రెండు పేజీలు బరువు కాదు. ఇచ్చిన రాయితీలో ఒక భాగాన్ని, పదిలో ఒక వంతైనా సరే, కార్మికుల పేరిట విడి ఖాతాలో కంపెనీ జమ చేస్తూ రావాలి. కాంట్రాక్టు వాళ్ల పేర్లు, ఆ ఫ్యాక్టరీ మీదే బతికే వెండర్ల దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు కూడా ఆ ఖాతాకు ఎక్కాలి. మూసే ముందు కొనేవాణ్ని వెతకాలి, వెతికినట్టు రుజువు చూపాలి. ఇది మేము గాల్లోంచి తీసిన మాట కాదు. ఫ్రాన్స్‌లో ఫ్లోరాంజ్ అనే ఊళ్లో మన లక్ష్మీ మిట్టల్ గారి ఉక్కు కంపెనీ కొలుములు ఆర్పేసినప్పుడు గొడవ దేశమంతా పాకింది. చివరకు 2014లో ఆ ఊరి పేరుతోనే చట్టం వచ్చింది. వెయ్యి మందికి పైగా ఉన్న సంస్థ ఒక శాఖను మూయాలంటే ముందు కొనుగోలుదారు కోసం వెతకాలి. అందులోని జరిమానాల భాగాన్ని అక్కడి రాజ్యాంగ మండలి కొట్టేసిందనీ చెప్పాలి. కోరలు తీసిన చట్టమే అయినా, అంతకూ మనకు లేదు.

ఒక్క రాష్ట్రమే ఈ షరతు పెడితే పరిశ్రమ పక్క రాష్ట్రానికి పోతుందన్న వాదనలో నిజముంది. కాబట్టి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక కూర్చుని ఒకే షరతు పెట్టుకోవాలి. కృష్ణా నీళ్లు పూండికి తెచ్చుకోవడానికి తెలుగుగంగ మీద కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు, ఓరగడం, శ్రీసిటీ, హోసూరుల్లోని ఫ్యాక్టరీల మీద మాట్లాడుకోలేరా? నీళ్ల మీద కుదిరిన పొత్తు కూలి మీద కుదరకపోవడానికి మాకు కారణం కనిపించడం లేదు.

తొందరపడాల్సిన సమయం కూడా ఇదే. ఫోర్డ్ తిరిగి వస్తోంది. 2025 అక్టోబరు 31న తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. మరైమలైనగర్‌లో 3,250 కోట్ల రూపాయలతో ఇంజిన్ల తయారీ, 2029లో మొదలు. నేరుగా వచ్చే కొలువులు ఆరు వందలకు పైన అని చెప్పారు. పోయిన కొలువుల పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న అంకె. వచ్చినంతవరకు సంతోషమే. అందులో వెళ్లే రోజుకు ఏం రాశారో ప్రభుత్వం చెప్పాలి. రాయకపోతే రాయించడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారట అని మెస్ ఆవిడతో అన్నప్పుడు, ఎప్పుడని అడగలేదు. ‘‘పర్మినెంటా, కాంట్రాక్టా? అది చెప్పు నాయనా ముందు. పర్మినెంటోళ్లయితే ఖాతా రాస్తా. కాంట్రాక్టోళ్లు ఏ పూటకాపూట చేతిలో పెట్టాల్సిందే’’ అన్నారు.