హక్కు వ్రాసుకొను విన్నపము

సోమవారం పొద్దున ఏ జిల్లా కలెక్టరేట్ ముందుకైనా వెళ్లి చూడండి. చెట్టు కిందో, జిరాక్సు షాపు అరుగు మీదో ఒక చిన్న బల్ల ఉంటుంది. దాని మీద తెల్లకాగితాల దస్తా, కోర్టు ఫీజు స్టాంపులు, జిగురు సీసా. వెనక కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి అర్జీలు రాసిపెడుతుంటాడు. ఏ అర్జీకైనా మొదలు ఒకటే: ‘‘శ్రీయుత గౌరవనీయులైన కలెక్టరు గారి దివ్యసముఖమునకు వ్రాసుకొను విన్నపము ఏమనగా...’’. చివర ‘‘తమరి విధేయుడు’’. నడుమ పింఛను ఉండొచ్చు, పాసుపుస్తకం ఉండొచ్చు, సమాచార హక్కు చట్టం కింద అడిగే ప్రశ్న ఉండొచ్చు. మొన్న ఒక రైతు తన కాగితంలో ‘ఇది నా హక్కు’ అని రాయమంటే ఆ పెద్దాయన కలం ఆపాడు. ‘‘హక్కని రాస్తే ఆళ్లకి కోపమొచ్చుద్ది బాబాయ్, దయ అని రాస్తా, తొందరగా అవుద్ది’’ అన్నాడు. మన రాజ్యాంగం మీద ఇంత సూటి వ్యాఖ్యానం ఈ మధ్యకాలంలో మా కంటబడలేదు.

హక్కు అనగానే తెలుగువాడికి పక్కన ఉక్కు వినిపిస్తుంది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో జనం రోడ్డెక్కారు. 32 మంది ప్రాణాలిచ్చారని చెప్పుకుంటాం. ఆ ఫ్యాక్టరీలో తన వాటా నూటికి నూరు శాతం అమ్ముకోవచ్చని 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించుకుంది. మన హక్కును ఇంకొకరు అమ్ముకునే హక్కు కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. సరే, ఉక్కు వేల కోట్ల వ్యవహారం. ఇవాళ మేము ముచ్చటించేది పది రూపాయల హక్కు గురించి.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. ధర కూడా న్యాయంగానే పెట్టారు. తెలుగు నేల మీద గ్రామ స్థాయి కార్యాలయంలో అడిగితే ఉచితం, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. అన్నిటికంటే ముచ్చటైనది సెక్షన్ 6(2): సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కానీ, అడిగితే ‘ఎందుకురా’ అని అమ్మ కూడా అనకూడదని చెప్పిన చట్టం ఈ దేశంలో బహుశా ఇదొక్కటే. అందుకేనేమో, ఏ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చినా మొట్టమొదట వినపడే మాట ‘‘ఇదంతా నీకెందుకు?’’. రెండో మాట ‘‘నీ వెనకాల ఎవరున్నారు?’’. సాయంత్రానికల్లా మూడోది ఫోన్లో వస్తుంది, ఆ పనిచేసిన కాంట్రాక్టరు నుంచి.

చట్టంలో పౌరుడి కోసం రాసిన సెక్షన్లు అన్నీ కలిపినా, గుమాస్తాకు కంఠతా వచ్చిన సెక్షన్లు వాటికంటే ఎక్కువ పనిచేస్తాయి. అడిగిన సంగతి వేరే శాఖదైతే అయిదు రోజుల్లో అక్కడికి పంపమంటుంది 6(3). దాని పుణ్యమా అని ఇల్లు కదలని మనిషి రాసిన కాగితం కూడా తీర్థయాత్రలు చేస్తుంది. మండలం నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మళ్లీ మండలానికి. ప్రతి మజిలీలోనూ దరఖాస్తుదారుకు ఒక నకలు వస్తుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆయన దగ్గర అడిగిన సమాచారం తప్ప ఒక సంచికి సరిపడా కాగితాలు ఉంటాయి. అప్పటికీ వదలకపోతే 7(9) ఉంది. అడిగిన రూపంలో ఇవ్వాలంటే ఆఫీసు వనరులన్నీ దానికే అయిపోయేట్లుంటే ఇంకో రూపంలో ఇవ్వొచ్చని దాని తాత్పర్యం. మన ఆఫీసుల తాత్పర్యం మాత్రం ‘‘తీరిక దొరికినప్పుడు వచ్చి ఫైళ్లు చూసుకో’’. వస్తే బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉంటాడు.

దీని మీద మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై గదిలో కూర్చున్న అధికారికి చేసుకోవాలి. అంటే, కింద గదిలో ఆయన ‘ఇవ్వను’ అని రాసిన కాగితం మీద పొద్దున ‘చూశాను’ అని సంతకం పెట్టిన దొరవారికే.

రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేలు దాటకుండా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ అప్పీలును కమిషన్ ఇన్నాళ్లలో తేల్చాలన్న గడువు చట్టంలో లేదు. గుమాస్తాకు 30 రోజులు, ధర్మప్రభువుకు కాలాతీతం. అసలు ప్రభువే లేకపోతే? తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరైనా లేకుండానే గడిచింది. అప్పుడూ భవనం ఉంది, బోర్డు ఉంది, అప్పీళ్లు తీసుకుని ముద్ర కొట్టే సిబ్బంది ఉన్నారు. గర్భగుడిలో విగ్రహం లేకపోయినా హుండీ మాత్రం నిండిందన్నమాట.

ఎన్నికలొస్తే మన హక్కుల గురించి గొంతు చించుకునే పార్టీల సంగతీ చూద్దాం. కాంగ్రెస్, బీజేపీ, బీఎస్పీ, ఎన్సీపీ, సీపీఐ, సీపీఎం ఈ చట్టం పరిధిలోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్‌లో తీర్పు చెప్పింది. ఈ ఆరుగురూ ఏ ఒక్క విషయంలోనైనా ఏకాభిప్రాయానికి రాగా మేము చూడలేదు, దీని మీద తప్ప. ఒక్కటీ అమలు చేయలేదు. కులం, మతం, కుడి, ఎడమ అన్న తేడాలన్నీ పక్కనపెట్టి ఒక్కమాట మీద నిలబడ్డ ఆ జాతీయ సమైక్యత చూస్తే కళ్లు చెమరుస్తాయి.

ఇంతకంటే అందమైన మలుపు ఇంకోటి ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ప్రభుత్వం పౌరుడి గుట్టులోకి తొంగిచూడకూడదన్నది ఆ వ్యాజ్యం తాలూకు దిగులు. ఆ హక్కును కాపాడటానికే తెచ్చామంటూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. అందులో ఒక మూల నుంచి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేశారు. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉందనుకుంటే ఇవ్వొచ్చని ఆ క్లాజులోనే ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదన్న మాట కూడా అక్కడే ఉండేది. రెండూ పోయాయి. మిగిలింది ఒక్క ముక్క: వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు. 8(2)లో ప్రజాప్రయోజనం ఇంకా ఉంది కదా అని ప్రభుత్వ పెద్దలు అంటున్నారు. ఉంది. అయితే దాన్ని తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉందో ఆ అర్జీలు రాసే పెద్దాయన్ని అడిగితే చెబుతాడు. పౌరుడి గోప్యత కోసం మొదలైన దావా అధికారి గోప్యతకు డిక్రీ అయి కూర్చుంది. మన ఇంటి దొంగతనం మీద మనమిచ్చిన ఫిర్యాదుతో మన ఇంటికే తాళం వేసి తాళంచెవి పట్టుకెళ్లినట్లుంది.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి సామాజిక తనిఖీ జరిగిన రోజుల్లో ఊళ్లో గోడల మీద పెద్ద అక్షరాలతో రాసేవారు: పేరు, పనిచేసిన రోజులు, ముట్టిన కూలి. చదువురానివాళ్లు బడిపిల్లలతో చదివించుకునేవారు. పనికే పోనివారికి మస్టర్లో హాజరు పడ్డదీ, కాలం చేసినవారు కాలువ తవ్వినదీ గ్రామసభల్లో అలాగే బయటపడ్డాయి. పేరు వ్యక్తిగతం. కూలి వ్యక్తిగతం. చచ్చిపోయినవాడు తట్ట మోశాడా అన్నది మరీ వ్యక్తిగతం. ఇప్పుడు ఆ జాబితా అడిగినవాడికి 8(1)(జె) అని మూడు ముక్కల్లో జవాబు రాసి పంపితే సరిపోతుంది. సున్నం వేస్తే చెరిగిపోయే గోడకున్న ధైర్యం గెజిట్‌కు లేకపోయింది.

చట్టం ప్రకారం ప్రతి ఆఫీసూ తన సమాచార అధికారి పేరు, వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. అందుకే గుమ్మం పక్కన బోర్డులు వెలిశాయి. మేము ఈ మధ్య ఒక మండల కార్యాలయంలో చూసిన బోర్డు మీద ఉన్న అధికారి బదిలీ అయి మూడేళ్లయింది. ఆ ఫోన్ నంబరు చేస్తే ‘ఉపయోగంలో లేదు’ అని ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. బోర్డుకు మాత్రం కొత్తగా నీలిరంగు వేయించారు, అంచులకు పసుపు గీత కూడా. దానికెంత ఖర్చయిందని పక్కనున్న అటెండరును అడిగాం. ‘‘దరఖాస్తు పెట్టుకోండి సార్, ఇక్కడైతే అయిదు రూపాయలే’’ అన్నాడు.