యూపీఎస్ ఉంటే ఎస్ఎంపీఎస్ ఏదైనా పర్లేదా?

ఎస్ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా. దాని గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇంట్లో యూపీఎస్ ఉంటే ఖరీదైన ఎస్ఎంపీఎస్ దండగ. కేబినెట్‌తో వచ్చింది చాలు. పోతే అదొక్కటే పోతుంది. మరీ భయమైతే గోల్డ్ స్టిక్కర్ ఉన్నది కొనుక్కోండి" అని. ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు.

ముందు యూపీఎస్ సంగతి. దాని కాపలా గోడ ప్లగ్గు నుంచి కంప్యూటర్ వెనకాల వరకే. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పని ఎస్ఎంపీఎస్‌ది. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 12.6 దాటకూడదు. లోపల ఏదో పాడై అది 15కో 18కో ఎగబాకితే, బయట ఉన్న యూపీఎస్‌కి ఆ విషయమే తెలియదు. వెంటనే ఆపేయాల్సింది ఎస్ఎంపీఎస్ లోపలి సర్క్యూటే. చవక వాటిలో ముందుగా కోత పడేది అక్కడే.

"అదొక్కటే పోతుంది" అన్న మాట మీదే నాకు ఎక్కువ కోపం. మా తమ్ముడి కంప్యూటర్‌లో కేబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్ ఒక రాత్రి ఫట్‌మంది, గదంతా కాలిన వాసన. అప్పుడు కూడా యూపీఎస్ ఉంది. కొత్త ఎస్ఎంపీఎస్ బిగించాం. హార్డ్ డిస్క్ తగిలిస్తే అసలు ఆన్ కాదు, తీసేస్తే ఫ్యాన్ తిరుగుతుంది. డిస్క్ బోర్డు మీద, పవర్ కనెక్టర్ పక్కనే మినప గింజంత నల్లటి డయోడ్ ఉంది. మల్టీమీటర్ ముల్లు ఆనించగానే బీప్ మంది, షార్ట్. ఎక్కువ వోల్టేజి వస్తే తను షార్టయి డిస్క్‌ను కాపాడటానికి పెట్టిన టీవీఎస్ డయోడ్ అది. రిపేరు చేసే అతను దాన్ని తీసేశాక డిస్క్ తిరిగింది. అమ్మానాన్నల ఫొటోలన్నీ ఆ రోజే కాపీ చేసుకున్నాం. మదర్‌బోర్డు మాత్రం మళ్లీ డిస్‌ప్లే ఇవ్వలేదు.

ఇక గోల్డ్ స్టిక్కర్. అది 80 ప్లస్ అనే రేటింగ్‌లో ఒక స్థాయి. 80 ప్లస్ కొలిచేది సామర్థ్యాన్ని, అంటే గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత పనికొచ్చింది, ఎంత వేడిగా పోయింది అన్నది. రక్షణ సర్క్యూట్లను అది పరీక్షించదు. గిగాబైట్ కంపెనీ పీ850జీఎం అనే ఎస్ఎంపీఎస్ కూడా గోల్డే. కాలిపోతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాక, 2021 ఆగస్టులో ఆ కంపెనీయే ఒక ప్రకటన ఇచ్చింది: మరీ ఎక్కువ పవర్ లాగితే ఆపేసే ఓవర్ పవర్ రక్షణ పనిచేసే హద్దును 1020–1300 వాట్ల నుంచి 950–1050కి తగ్గించామని.

కాబట్టి కొనేటప్పుడు ఓవీపీ (వోల్టేజి ఎక్కువైతే), ఓసీపీ (కరెంటు ఎక్కువైతే), ఎస్సీపీ (షార్ట్ సర్క్యూట్ అయితే), ఓపీపీ (పవర్ ఎక్కువ లాగితే) అనే రక్షణలు ఉన్నాయో లేదో కంపెనీ వివరాల్లో చూడండి. ఆ మోడల్‌ను విప్పి, లోడ్ పెట్టి పరీక్షించిన రివ్యూ దొరికితే ఇంకా మంచిది. మార్చేటప్పుడు పాత మాడ్యులర్ కేబుళ్లు, అంటే ఎస్ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి, కొత్తదానికి పెట్టొద్దు. డిస్క్ వైపు ప్లగ్గు ఒకేలా ఉన్నా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఒకే కంపెనీ మోడళ్లలోనూ వేరుగా ఉండొచ్చు. 5 వోల్టులు అందాల్సిన చోట 12 వెళితే డిస్క్ అక్కడికక్కడే పోవచ్చు. పాత కేబుళ్లను పాత ఎస్ఎంపీఎస్‌కే కట్టి పక్కన పెట్టేయండి.