దిగితే ఖజానాకు, ఎక్కితే జనానికి

అంతర్జాతీయ విపణిలో ముడి చమురు ధర నాలుగేళ్ల కనిష్ఠానికి జారిన 2025 ఏప్రిల్ 7, సోమవారమే కేంద్ర ప్రభుత్వం పెట్రోలు, డీజిలుపై లీటరుకు రెండేసి రూపాయల చొప్పున ఎక్సైజ్ సుంకం పెంచింది. అదే రోజు గ్యాస్ బండపై యాభై రూపాయలు వడ్డించింది. పేదలకు గ్యాస్ ఇచ్చే ఉజ్వల పథకం లబ్ధిదారులకూ మినహాయింపు లేదు. ఢిల్లీలో వారి సిలిండరు 503 నుంచి 553 రూపాయలకు, మిగిలినవారిది 803 నుంచి 853కు చేరింది. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు ముగిసి మూడు రోజులే అయిందన్నదీ గమనించాలి. సుంకం భారాన్ని చమురు సంస్థలే మోస్తాయని, బంకుల్లో ధర పెరగదని వెంటనే వివరణ ఇచ్చారు. పెరగలేదు సరే, తగ్గవలసింది ఎందుకు తగ్గలేదు? అమెరికా సుంకాల ప్రకటన వెలువడిన ఏప్రిల్ 2న 75 డాలర్ల దరిదాపుల్లో ఉన్న బ్రెంట్ (అంతర్జాతీయ ప్రామాణిక ముడి చమురు) పీపా 7వ తేదీకి 65 డాలర్ల దిగువకు వచ్చింది. పీపాకు 159 లీటర్లన్న లెక్కన లీటరు ముడి చమురుపై కలిసివచ్చింది అయిదు రూపాయల పైమాటే. అందులో ఒక్క పైసా స్కూటరు నడిపేవాడి జేబుకు చేరలేదు.

పెట్రోలు ధరపై నియంత్రణను 2010 జూన్‌లో, డీజిలుపై 2014 అక్టోబరులో ఎత్తేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ సవరణ అమల్లోకి తెచ్చారు. మార్కెట్ ఎటు నడిస్తే ధర అటే నడుస్తుందన్నది నాడు చెప్పిన సూత్రం. అది రెండు వైపులా అమలైతే ఎవరికీ పేచీ ఉండదు. కానీ ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు సాగిన కాలాన, 2021 నవంబరు ఆరంభం నుంచి 2022 మార్చి 22 దాకా, ముడి చమురు వంద డాలర్లు దాటినా రోజువారీ ధర నాలుగున్నర నెలలు కదలలేదు. ఫలితాలు వచ్చాక పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచి లీటరుపై పది రూపాయలు రాబట్టారు. మళ్లీ 2024 మార్చి 15న, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలుకు సరిగ్గా ఒక రోజు ముందు, రెండు రూపాయలు తగ్గించారు. మార్కెట్‌కు పోలింగ్ తేదీలు ఇంత కచ్చితంగా ఎవరు చేరవేస్తున్నారో తెలియదు.

సంస్థలే భరిస్తాయన్న మాట కూడా కొత్తది కాదు. కరోనా వేళ చమురు కుప్పకూలితే 2020 మే నెలలో పెట్రోలుపై పది, డీజిలుపై పదమూడు రూపాయల సుంకం ఒక్క దెబ్బకు పెంచి, అప్పుడూ చిల్లర ధర మారదనే అన్నారు. జూన్ 7 నుంచి వరుసగా మూడు వారాలు ధర పెంచుతూ పోయారు. చమురు దిగినప్పుడు సుంకం దాన్ని అందిపుచ్చుకుంటుంది, ఎక్కినప్పుడు మార్కెట్ పేరు ముందుకొస్తుంది. ఈసారీ అదే జరగదని హామీ ఎవరిస్తారు?

వంటగ్యాస్‌ను అంతర్జాతీయ ప్రామాణికమైన సౌదీ కాంట్రాక్టు ధరకు కొని తక్కువకు అమ్మడం వల్ల చమురు సంస్థలు వేల కోట్లు నష్టపోయాయని, పెంచిన సుంకం ఆ లోటు పూడ్చేందుకేనని పెట్రోలియం మంత్రి అన్నారు. దిగుమతులపై ఆధారపడ్డ దేశంలో ఆ నష్టం నిజమే కావచ్చు. కానీ అవే మూడు ప్రభుత్వరంగ సంస్థలు (ఐఓసీ, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్) 2023-24లో సుమారు 81 వేల కోట్ల రూపాయల లాభం గడించాయి. సుంకం పేరిట సంస్థల దగ్గర తీసుకున్నది మళ్లీ సంస్థలకే ఇస్తామన్నారు. గ్యాస్ నష్టమని చెప్పి బండ ధర కూడా పెంచారు. ఒకే లోటును ఒకే ఇంటి నుంచి, పొయ్యి దగ్గర ఒకసారి, బండి దగ్గర ఒకసారి రాబట్టడాన్ని ఏమనాలి?

ఈ పెంపులో రాష్ట్రాలు గమనించవలసిన సంగతి మరొకటుంది. ఆ పెంపుతో లీటరు పెట్రోలుపై కేంద్రం వేసిన 21.90 రూపాయల్లో మౌలిక ఎక్సైజ్ సుంకం 1.40 రూపాయలే. ఆర్థిక సంఘం సూత్రం ప్రకారం రాష్ట్రాలకు 41 శాతం పంచవలసింది ఈ 1.40లోంచే, అంటే అన్ని రాష్ట్రాలకూ కలిపి 57 పైసలు. తక్కినదంతా ప్రత్యేక అదనపు సుంకం, రహదారుల సెస్సు, వ్యవసాయ సెస్సు. అందులో దమ్మిడీ పంచనక్కర్లేదు. అప్పుడు పెంచిన రెండు రూపాయలూ ప్రత్యేక అదనపు సుంకం పద్దులోనే పెట్టారు. సహకార సమాఖ్య స్ఫూర్తి గురించి ఉపన్యాసాలిచ్చేదీ ఈ ప్రభుత్వమే.

తిలా పాపం తలా పిడికెడన్నట్లు, రాష్ట్రాల చేతులూ శుభ్రంగా లేవు. పెట్రోలుపై తెలంగాణ 35.2 శాతం వ్యాట్ గుంజుతోంది. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు నాలుగు రూపాయలు, ఆపై రోడ్ల సెస్సు రూపాయి కలుపుతోంది. శాతాల్లో వేసే పన్ను కాబట్టి కేంద్రం పెంచిన సుంకం చిల్లర ధరకెక్కిన ప్రతిసారీ వీరి రాబడీ చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. విశాఖలోనే రిఫైనరీ ఉన్న రాష్ట్రంలో, అనంతపురం సరిహద్దు లారీలు కర్ణాటక బంకుల్లో ట్యాంకు నింపుకోవడం ఎవరికి గర్వకారణం? పెట్రోలును జీఎస్టీలోకి తెచ్చే మాట 2021 సెప్టెంబరులో లఖ్‌నవూలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో చర్చకు రాగానే ఇది సమయం కాదని తేల్చేశారు. పార్టీల గొడవలు మరిచి పాలకులంతా ఒక్కటయ్యే అరుదైన సందర్భం అదొక్కటే.

అమరావతి, హైదరాబాద్ ఏలికలు ఢిల్లీని వేలెత్తి చూపదలిస్తే ముందు తమ వ్యాట్ తగ్గించి రావాలి. ఢిల్లీ ఏలికలు పీపా ధర పడిపోయినా బంకులో అంకె కదలనీయనప్పుడు రోజువారీ సవరణ అన్న ముసుగును తొలగించాలి. ధర నిర్ణయిస్తున్నది మార్కెట్ కాదు, మేమేనని వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనైనా లేచి నిలబడి ఒప్పుకోవాలి.