లోపలి చెవి గారికి ఒక వినతిపత్రం

వినికిడితో పాటు ఒంటి కదలికల లెక్క కూడా చూసే మహారాజశ్రీ లోపలి చెవి గారి సముఖమునకు, హన్మకొండ నుంచి మిమ్మల్ని యాభై దాటినా మోస్తూ తిరుగుతున్న అభాగ్యురాలు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీరు కుశలమేనని చెవి డాక్టరు చూసి చెప్పారు. నా సంగతే బాగోలేదు. పొద్దున లేడీస్ బ్యాచ్‌లో హుషారుగా నీళ్లలో దిగుతాను. కాసేపటికే పూల్ గట్టు మీద తల పట్టుకొని కూర్చుంటాను. కళ్లు తిరుగుతాయి, నోట్లో నీళ్లూరతాయి, కడుపులో దేవుతుంది. అటూ ఇటూ నాలుగు లెంగ్త్‌లు కొడితే చాలు, మీ దయ మొదలవుతుంది.

ఈ వయసులో నీకు ఈతెందుకమ్మా అంటారేమో. మోకాళ్లండీ. భద్రకాళి చెరువు కట్ట మీద నడక తగ్గించి నీళ్లలో పడమని ఎముకల డాక్టరు చెప్పాడు. నీళ్లు ఒంటి బరువు మోస్తాయి, కీళ్ల మీద భారం పడదు. నిజంగానే మోకాళ్లు సుఖంగా ఉన్నాయి. ఊరందరికీ నచ్చిన పని మీ ఒక్కరికే గిట్టదు.

మీ పాత రికార్డు నాకు తెలియంది కాదు. మేడారం జాతరకు బస్సెక్కితే ములుగు దాటకముందే మీ పేచీ మొదలయ్యేది. కిటికీ సీటు కోసం కొట్లాట, ముక్కు దగ్గర నిమ్మకాయ, చీర కొంగులో కవరు. అప్పుడైతే మీ వాదనలో కొంత న్యాయముంది. ముందు సీటు వెనక రాతలు చదువుతున్న కళ్లు ‘మనం కదలట్లేదు’ అంటాయి. మీరేమో ప్రతి మలుపుకూ ‘కదులుతున్నాం, కదులుతున్నాం’ అని మెదడుకు ఫిర్యాదులు పంపిస్తారు. ఎవరి మాట నమ్మాలో తెలియని మెదడు ఆ పంచాయితీని కడుపు మీదికి తోసేస్తుంది. ఒప్పుకుంటాను. అదే బస్సులో డ్రైవరన్నకు మాత్రం ఏమీ కాదు. మలుపు వస్తుందని ఆయనకు ముందే తెలుసు, స్టీరింగ్ ఆయన చేతిలోనే ఉంది. మరి పూల్‌లో డ్రైవర్ని నేనే కదండీ! చేతులు నావి, కాళ్లు నావి, తల తిప్పేది నేను. ఎవరి మీద మీ ఫిర్యాదు?

సద్దుల బతుకమ్మ నాడు గుడి ముందు రాత్రి దాకా వంగుతూ లేస్తూ గుండ్రంగా తిరిగినా మీరు కిమ్మనరు. కాళ్ల కింద నేల ఉంది, కళ్ల ముందు బతుకమ్మ ఉంది, అందుకని సర్దుకుపోతారు కాబోలు. నీళ్లలో ఆ రెండూ లేవన్నదే మీ బాధ. బోర్లా పడుకున్నానా, కళ్ల ముందు నీలం టైల్స్. ఊపిరికి తల తిప్పానా, పైకప్పు రేకులు. మళ్లీ టైల్స్, మళ్లీ రేకులు. పక్క లేన్‌లో ఎవరో దబదబా కాళ్లు కొడితే ఆ అలలన్నీ నాకే. మీ ఆఫీసు చూస్తే చిన్నది: మూడు దిక్కులకు మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, వాటిలో కాస్త ద్రవం, పక్క సంచుల్లో సున్నపు నలుసులు. పవరు మాత్రం కలెక్టరేట్‌కు కూడా లేదు.

పైగా చల్లనీళ్లు పడవు మీకు. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే డాక్టరు రోగుల చెవులు కడుగుతూ ఈ సంగతి పట్టేశాడు. చల్లనీళ్లు పోస్తే కనుగుడ్లు ఒకవైపు కొట్టుకుంటాయి, వేడినీళ్లు పోస్తే రెండోవైపు. ఒంటి వేడికి సరిపోయే నీళ్లయితే ఏ గొడవా లేదు. మీ గొట్టాల్లో ద్రవం వేడికీ చలికీ కదులుతుందట. దీని పుణ్యమా అని ఆయనకు 1914 నోబెల్ వచ్చింది. ఆ కబురు అందేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. మిమ్మల్ని కదిలించినవాళ్లు ఎవరు బాగుపడ్డారు లెండి! నేను కుడివైపే ఊపిరి తీస్తాను కాబట్టి ఎడమ చెవి నీళ్లలోనే నానుతుంది, కుడిది తేలుతూ మునుగుతూ ఉంటుంది. డిసెంబరు పొద్దున ఆ నీళ్లెట్లా ఉంటాయో మీకు వేరే చెప్పాలా?

ట్రీస్మన్ అనే ఆయన 1977లో ఇంకో మాటన్నాడు. కళ్లకూ మీకూ పొంతన కుదరకపోతే, ఈ మనిషి ఏదో విషం తిన్నదని మెదడు అనుమానించి కక్కిస్తుందేమోనని. ఊహే అనుకోండి. అయినా పొద్దున అరటిపండు తప్ప ఏమీ తినని మనిషి మీద ఇంత అనుమానమా?

పరువు కూడా తీశారు. మొన్న గట్టు మీద వాంతి ఆపుకుంటుంటే బ్యాచ్‌లో ఒకామె దగ్గరికొచ్చి, ‘‘ఏందక్కా, విశేషమా?’’ అంది. నాకు మనవరాలుంది! మా అత్తమ్మ పైత్యమని తేల్చి జీలకర్ర నీళ్లు పట్టింది. మెడికల్ షాపతను బస్సు ప్రయాణానికి వేసుకునే మాత్ర ఇవ్వబోయాడు. అది నిద్ర తెప్పిస్తుంది. నీళ్లలో తూగడం కంటే గట్టు మీద కక్కుకోవడం నయం.

చివరికి మీ మనసు తెలిసింది కోచ్ అమ్మాయికే. ‘‘మేడం, తల ఒక్కటే తిప్పకండి, ఒళ్లంతా తిరగనివ్వండి. గాగుల్స్‌లో ఒక అద్దం నీళ్లలోనే ఉండాలి’’ అంది. చూపు అడుగున ఉన్న నల్లగీత మీద పెట్టమంది. చెవుల్లో సిలికాన్ ప్లగ్గులు, వాటి మీదికి టోపీ. ప్లగ్గు మెత్తగా, వేలితో నొక్కితే చెవి ఆకారంలోకి ఒదిగిపోతుంది. అది పెట్టుకున్నాక విజిల్ వినపడదు, అందుకే పాపం ఆమె భుజం తట్టి పిలుస్తుంది. ముఖం ముందు నుంచి నిలువుగా లేచే స్నార్కెల్, అంటే ఊపిరి గొట్టం, కూడా ఇచ్చింది. అది పెట్టుకుంటే తల తిప్పే పనే లేదు. చూసేవాళ్లు నవ్వనీ, కడుపు మాత్రం నిమ్మళంగా ఉంది. ఒక లెంగ్త్ కాగానే ఆగి, ఎదురుగా ఉన్న వాటర్ ట్యాంకును కాసేపు చూస్తాను. అది కదలదు. మీరు నమ్మేది దాన్నొక్కదాన్నే.

కాబట్టి రాజీకొద్దాం. పల్టీ కొట్టి తిరిగే టర్న్ జోలికి నేను వెళ్లను, గోడ పట్టుకొని మామూలుగానే తిరుగుతాను. పక్క లేన్‌లో ఎవరైనా దబదబలాడిస్తే మూలకు జరుగుతాను. లెంగ్త్‌లు మెల్లగా పెంచుతాను, మీరూ మెల్లగా అలవాటు పడండి. ఇవన్నీ ఒప్పుకున్నట్టు రేపటి నుంచి చూపించాలి. శనివారం మా బ్యాచ్‌లో ఒకామె సర్వపిండి చేసి తెస్తోంది, నువ్వులూ పల్లీలూ దట్టంగా వేసి. ఆ రోజు కడుపులో దేవిందంటే మర్యాద దక్కదు.

ఇట్లు,
ప్లగ్గులు ఆరబెట్టుకుంటున్న
మీ విధేయురాలు