అన్నం కలుపుకునే చెయ్యి

పక్షవాతం వచ్చిన రైతు ఫిజియోథెరపీతో నాలుగడుగులు వేస్తే ఇల్లంతా సంబరపడుతుంది. ఆ తర్వాతే అసలు కష్టం తెలుస్తుంది. కుడిచేత్తో అన్నం కలుపుకోలేడు. చొక్కా గుండీ పెట్టుకోలేడు. లుంగీ ముడి వేసుకోలేడు. ఆ పనులను మళ్లీ నేర్పడం, చెయ్యి మొరాయిస్తే మరో పద్ధతి వెతికిపెట్టడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. పెన్సిల్ పట్టు చిక్కని పిల్లకూ, ఆటిజం వల్ల బడిగంటకే బెదిరిపోయే పిల్లవాడికీ ఈ చికిత్సే ఆసరా.

మన దేశానికి ఇది కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో పుట్టి మన దేశానికి కోడలై వచ్చిన కమలా నింబ్కర్ 1950లో ముంబై కేఈఎం ఆస్పత్రిలో తొలి శిక్షణ పాఠశాల తెరిచారు. 1952లో ఏర్పడిన ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య వ్యవస్థాపక దేశాల్లో మనమూ ఉన్నాం. అయినా ఈ కోర్సు పేరే వినని బైపీసీ విద్యార్థులు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో!

వినకపోతే నష్టం పెద్దదే. మన దేశంలో ఈ చదువుకు ఇంటర్ తర్వాతే చేరాలి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో ఇంటర్ పూర్తిచేసినవారికి నాలుగేళ్ల బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ), ఆపై ఇంటర్న్‌షిప్. బీఓటీ చదివినవారికే రెండేళ్ల మాస్టర్స్ కోర్సు ఎంఓటీ. అమెరికాలో పద్ధతి వేరు. ఏ డిగ్రీ చేసినా శరీర నిర్మాణం, మనస్తత్వం, గణాంకశాస్త్రం వంటి పాఠాలు చదివి ఉంటే నేరుగా మాస్టర్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చివర్లో కనీసం 24 వారాలు రోగుల మధ్య పనిచేయాలి, ఆపైన జాతీయ పరీక్ష గట్టెక్కాలి. అక్కడ పాతికేళ్లకు మనసు మళ్లినా దారి ఉంటుంది. ఇక్కడ పదిహేడేళ్లకే తేల్చుకోవాలి. కాబట్టి ఇంటర్ బోర్డు, జూనియర్ కాలేజీలు ఈ కోర్సు గురించి ముందే చెప్పి తీరాలి.

చెప్పాక చేరడానికి దగ్గర్లో సీటుండాలి కదా! కటక్, కోల్‌కతా, చెన్నైలలోని కేంద్ర దివ్యాంగుల సంస్థలు ఈ కోర్సులో సీట్లిస్తున్నాయి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లోనూ ఈ కోర్సుంది. కానీ అంతదూరం పంపి, హాస్టల్ ఖర్చు భరించే స్తోమత ఎన్ని ఇళ్లకుంది? మన దగ్గర ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) కాలేజీలు ఊరూరా వెలిశాయి, బీఓటీని మాత్రం వెతుక్కోవాలి. అధ్యాపకుల కొరత అంటారేమో. పాఠం చెప్పడానికి ఎంఓటీ చేసినవారు కావాలి, వారు తయారవ్వాలంటే ముందు బీఓటీ ఉండాలి. ఈ ముడిని విప్పగలిగేది ప్రభుత్వమే. వైద్య కళాశాలల బోధనాస్పత్రుల్లో న్యూరాలజీ, ఎముకలు, పిల్లల విభాగాలు నిత్యం కిటకిటలాడుతున్నాయి. విద్యార్థులు పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కోర్సు మొత్తంలో కనీసం వెయ్యి గంటలు రోగులతో పనిచేయాలని ప్రపంచ సమాఖ్య నియమం. ఆస్పత్రి లేని భవనంలో పెట్టే కాలేజీ ఆ వెయ్యి గంటలు ఎక్కడినుంచి తెస్తుంది?

2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులను అర్హుల పేర్లుండే రిజిస్టర్‌లోకి తెచ్చింది. నాలుగు వారాల సర్టిఫికెట్‌తో బోర్డు కట్టి, కన్నవాళ్ల ఆశను సొమ్ము చేసుకునేవారికి అడ్డుకట్ట పడాలంటే ఆ చట్టం కింది రాష్ట్ర కౌన్సిళ్లు ఆ రిజిస్టర్‌ను గట్టిగా అమలు చేయాలి. దానితోపాటే రెండు ప్రభుత్వాలూ కనీసం ఒక్కో బోధనాస్పత్రిలో బీఓటీ తెరవాలి. తొలి బ్యాచ్ బయటికొచ్చేలోగా ఎంఓటీకీ అనుమతి తెచ్చుకోవాలి. ప్రవేశ పరీక్ష ర్యాంకుతో, రిజర్వేషన్లతో, ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఆ సీట్లు భర్తీ కావాలి. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో బైపీసీ చదువుతున్న కూలీ బిడ్డ కటక్ రైలెక్కనక్కర్లేకుండా ఈ వృత్తిలోకి రావాలని మేం కోరుతున్నాం.